సిక్కోలు నుంచి విదేశీ తరగతి గదికి: పరాయి భాషలో చదువుకు సిద్ధపడడం ఎలా?

ఎచ్చెర్లలోనో టెక్కలిలోనో, రాజాంలోనో విజయనగరంలోనో డిగ్రీ గానీ ఇంజనీరింగు గానీ ముగించి, పై చదువులకు విదేశం వెళ్లబోతున్న విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. వీసా, ఫీజులు, బ్యాంకు రుణం గురించి చెప్పేవారు మన ఊళ్లలో వీధికొకరున్నారు. తీరా అక్కడికి వెళ్లి తరగతిలో కూర్చున్నాక పాఠం చెవికెక్కకపోతే ఏం చేయాలో చెప్పేవారు మాత్రం కనిపించరు. నేను చదివింది జర్మనీలో. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే జరుగుతాయని, జర్మన్ భాషతో పనే పడదని కన్సల్టెన్సీ వారు చెప్పిన మాట నమ్మి, ఆ భాషలో ఒకటి నుంచి పది వరకు అంకెలు మాత్రం నేర్చుకుని విమానం ఎక్కాను.

దాని ఫలితం మొదటి వారంలోనే అనుభవించాను. కొత్త విద్యార్థుల సమావేశం ఏ గదిలో అని కార్యాలయంలో అడిగితే, అక్కడున్నావిడ ‘డ్రై ఉంట్ ఫిర్‌త్సిష్’ అని చెప్పింది. జర్మన్‌లో ఒకట్ల స్థానాన్ని ముందు పలికి పదుల స్థానాన్ని తర్వాత పలుకుతారు కాబట్టి ఆ మాటకు అర్థం ‘మూడూ నలభై’, అంటే 43. నాకు మూడు, నాలుగు అన్న అంకెలు ఆ వరుసలో చెవిన పడ్డాయి. చీటీ మీద 34 అని రాసుకుని, ఆ గది తలుపు ముందు ముప్పావు గంట నిలబడ్డాను. రాసుకున్న చీటీని ఆవిడకు చూపించి ‘ఇదేనా?’ అని అడిగి ఉంటే అర నిమిషంలో తేలిపోయేది. నేను అడగలేదు, అంతా అర్థమైనట్టు తల ఊపి వచ్చేశాను. కింద చెప్పే పనుల్లో సగం ఆ తల ఊపే అలవాటును మాన్పించడానికి ఉద్దేశించినవే.

ఏ భాష ఎంత కావాలో ముందు తేల్చుకోండి

విదేశంలో చదివే విద్యార్థికి పాఠం చెప్పే భాష, ఊరివాళ్లు మాట్లాడే భాష, ప్రభుత్వ కాగితాల భాష అని మూడు ఎదురవుతాయి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మూడూ ఇంగ్లీషే. జర్మనీలో ఇంగ్లీషులో సాగే ఎం.ఎస్. చదువులు చాలానే దొరుకుతాయి గానీ ఇంటి అద్దె ఒప్పందం, ఆరోగ్య బీమా ఉత్తరాలు, మునిసిపల్ కార్యాలయంలో చిరునామా నమోదు అన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. కాబట్టి ‘అక్కడ ఇంగ్లీషు సరిపోతుందా?’ అని మధ్యవర్తులను అడగడం మాని, విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల విభాగానికి మీరే ఈమెయిల్ రాసి, పాఠాలు, ప్రయోగశాల పనులు, పరీక్షలు, ఇంటర్న్‌షిప్ ఒక్కొక్కటీ ఏ భాషలో జరుగుతాయో విడివిడిగా అడగండి. నాలుగింటికీ ఒకే జవాబు వస్తుందని అనుకోవద్దు.

ఐరోపా దేశాల్లో భాషా ప్రావీణ్యాన్ని ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లుగా కొలుస్తారు. అంగడిలో సరుకు కొనడానికి, దారి అడగడానికి ఏ2 చాలు. ఇంటి యజమానితో గొడవపడకుండా మాట్లాడాలంటే బీ1 కావాలి. పాఠాలే జర్మన్‌లో ఉండే కోర్సులకు సాధారణంగా సీ1 స్థాయి అడుగుతారు. టెస్ట్‌డాఫ్ అనే జర్మన్ భాషా పరీక్ష రాసేవారి నుంచి ఎక్కువ విశ్వవిద్యాలయాలు నాలుగు విభాగాల్లోనూ ఆ పరీక్ష కొలతలో 4 చొప్పున కోరతాయి. ఇంగ్లీషు కోర్సులో చేరేవారైనా ఏ2 పూర్తి చేసి వెళ్తే మొదటి సెమిస్టరు చదువుకు మిగులుతుంది, లేకపోతే కార్యాలయాల చుట్టూ తిరగడంలో కరిగిపోతుంది.

ఎంబీబీఎస్‌కు వెళ్లేవారి సంగతి వేరు. జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి, బోధన ఇంగ్లీషులో సాగాలి, ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా వైద్యం చేసే అర్హత కూడా దక్కాలి. బోధన ఇంగ్లీషు అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి, ఎందుకంటే రష్యాలో మంచం మీద ఉన్న రోగికి ఇంగ్లీషు రాదు. దాని సంగతి చివర చెబుతాను.

చెవికి ఆరు నెలల పని

మనవాళ్లు భాష అనగానే వ్యాకరణం పుస్తకం కొంటారు. పదో తరగతి నుంచీ వ్యాకరణంలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి కూడా విదేశీ తరగతిలో మొదట మొరాయించేది చెవి. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో వినే భాగం ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. తరగతిలో ఆచార్యుడు కూడా ఒక్కసారే చెబుతాడు, పైగా బోర్డు వైపు తిరిగి చెబుతాడు.

బయలుదేరే తేదీకి ఆరు నెలల ముందు నుంచి రోజూ నలభై నిమిషాలు ఈ పద్ధతిలో సాధన చేయండి. మీరు చేరబోయే దేశంలోని విశ్వవిద్యాలయం ఉపన్యాసం ఒకటి, మీ సబ్జెక్టుదే, యూట్యూబ్‌లో వెతికి పెట్టుకోండి. అందులో మూడు నిమిషాల ముక్కను సబ్‌టైటిళ్లు లేకుండా రెండుసార్లు వినండి. మూడోసారి ఆపుతూ ఆపుతూ, విన్నది విన్నట్టు కాగితం మీద రాయండి. ఆ తర్వాతే సబ్‌టైటిళ్లు తెరిచి, తప్పిపోయిన మాటల కింద ఎర్ర సిరాతో గీత పెట్టండి. వారం తిరిగేసరికి ఆ గీతలన్నీ ఎక్కడ పడుతున్నాయో మీకే కనిపిస్తుంది. నా కాగితాల్లో పెద్ద సాంకేతిక పదాలు దాదాపు తప్పిపోలేదు. తప్పిపోయినవి చిన్న మాటలు: ‘కెన్’ అన్నారో ‘కాంట్’ అన్నారో తేలేది కాదు, ‘ఫిఫ్టీన్’కూ ‘ఫిఫ్టీ’కీ తేడా వినిపించేది కాదు. అర్థమంతా తలకిందులు చేసేవి ఆ చిన్న మాటలే కదా.

సాంకేతిక పదాల్లోనూ ఒక చిక్కుంది. మన కళాశాలల్లో ‘పారామీటర్’, ‘మాట్రిక్స్’ అని పలుకుతాం. బయట అదే మాట ‘పరామిటర్’, ‘మేట్రిక్స్’ అని వినిపిస్తుంది. నాలుగేళ్లు చదివిన పదాన్ని గుర్తుపట్టడానికి రెండు క్షణాలు తడుముకుంటే, ఆలోపు వాక్యం దాటిపోతుంది. మీ సబ్జెక్టులో తరచుగా వచ్చే నూటయాభై పదాల జాబితా రాసుకుని, ఒక్కొక్కదాని ఉచ్చారణను ఆన్‌లైన్ నిఘంటువులో విని, పక్కనే తెలుగు లిపిలో రాసుకోండి. తెలుగు లిపిలో రాసుకోవడం చిన్నతనం కాదు. చెవికి అందిన ధ్వనిని పట్టి ఉంచడానికి మన లిపి చక్కగా పనికొస్తుంది.

అంకెలు, తేదీలు, గడియారం వేళలు విడిగా సాధన చేయాలి. నా గది సంఖ్య కథ చెప్పాను. జర్మన్‌లో ‘హాల్ప్ ఆహ్ట్’ అంటే మాటకు మాట ‘అర ఎనిమిది’. ఎనిమిదిన్నర అనుకుంటారు, కానీ అది ఏడున్నర. విశ్వవిద్యాలయం టైం టేబుల్‌లో పది అంకె పక్కన ‘సీ.టీ.’ అన్న పొడి అక్షరాలుంటే పాఠం 10:15కు మొదలవుతుందని గుర్తు. ఇలాంటివి ఏ పరీక్ష సిలబస్‌లోనూ ఉండవు.

నోరు తిరగడం

తెలుగు అజంత భాష కావడం వల్ల మన నోరు ప్రతి మాట చివరా ఒక అచ్చు కోరుకుంటుంది. బస్సు, కారు, రోడ్డు అన్న అలవాటుతో ఇంగ్లీషు మాటలకు కూడా చివర చిన్న ‘ఉ’ తగిలిస్తాం. మనలో మనకు అది వినపడదు, విదేశీయుడికి మాత్రం మరేదో పదంలా తోస్తుంది. రెండోది, తెలుగులో మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా అర్థం మారదు గానీ ఇంగ్లీషులో ఒత్తు మారితే మాటే గుర్తుపట్టరు. ‘ఫోటోగ్రాఫ్’లో ఒత్తు మొదటి అక్షరం మీద, ‘ఫోటోగ్రఫీ’లో రెండో అక్షరం మీద పడుతుంది. యాస మార్చుకోవాలని నేను చెప్పడం లేదు. అమెరికా వాడిలా మాట్లాడబోయి నవ్వులపాలైన మిత్రులను చూశాను. ఒత్తు, చివరి హల్లు, ఈ రెండూ సరిచూసుకుని మన యాసతోనే నెమ్మదిగా మాట్లాడితే ఎవరికైనా అర్థమవుతుంది.

జర్మన్, రష్యన్ నేర్చుకునేవారికి తెలుగు కొన్నిచోట్ల సాయం చేస్తుంది. చాప, చలి, చుట్ట అనే మాటల్లో మనం పలికే దంత్య చకారం ఆ రెండు భాషల్లోనూ ఉంది. ఉత్తరాది మిత్రులు కష్టపడే ఆ ధ్వని మనకు ఇట్టే వస్తుంది. జర్మన్‌లో ‘వైల్’, అంటే ‘ఎందుకంటే’, అని మొదలుపెట్టిన వాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది. ఇంగ్లీషులో ఆలోచిస్తే ఇది తికమక పెడుతుంది. తెలుగులో ఆలోచిస్తే క్రియ ఉండవలసిన చోటే ఉన్నట్టు తోస్తుంది.

మాట్లాడే సాధనకు మనిషి కావాలి. పుస్తకాలు లేకుండా భాష నేర్చినవారు మన జిల్లాలోనే ఉన్నారు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ లిపి కూడా లేని సవర భాషను నేర్చుకున్నారు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని, అడిగి, విని, రాసుకుని, మళ్లీ అడిగి నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసే దాకా వెళ్లారు. మీకు అంత శ్రమ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో తెలుగో హిందీనో నేర్చుకోవాలనుకునే విదేశీ విద్యార్థి ఒకరు దొరికితే, వారానికి రెండు గంటలు చెరిసగం పంచుకుని ఒకరి భాష ఒకరు మాట్లాడుకోవచ్చు. ఎవరూ దొరకని రోజు, మీ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసి, మర్నాడు వినండి. తన గొంతు తాను వినడం మొదట చాలా ఇబ్బందిగా ఉంటుంది; నేను మూడో రోజుకే మానేశాను, తర్వాత మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

తరగతిలో మొదటి రెండు నెలలు

పాఠానికి ముందురోజు సాయంత్రం స్లైడ్లు తెరిచి, తెలియని పదాలకు అర్థాలు చూసుకుని, రెండు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చే పని మరొకటి నాకు తెలియదు. పాఠంలో రాబోయేది ఏమిటో తెలిసిన చెవికి, సగం మాటలు జారిపోయినా మిగతా సగంతో దారి దొరుకుతుంది. ముందు వరుసల్లో కూర్చుంటే పెదవుల కదలిక కూడా సాయపడుతుంది. పాఠం రికార్డు చేసుకోవాలనుకుంటే ఆచార్యుడి అనుమతి తప్పకుండా తీసుకోండి, చెప్పకుండా చేస్తే అది నేరంగా పరిగణించే దేశాలున్నాయి.

ఇక అడగడం గురించి. సిక్కోలు, విజయనగరం పిల్లలకు ఈ విషయంలో ఒక పాత గాయం ఉంటుంది. ఇంటర్‌కో కోచింగుకో విజయవాడ, హైదరాబాదు వెళ్లినప్పుడు ‘ఏటి’, ‘ఎల్లిపోనాను’ అన్న మన మాటకు తోటివాళ్లు నవ్వితే, ఆనాటి నుంచి నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాం. సొంత తెలుగుకే నవ్వినవాళ్లు పరాయి భాషలో తప్పు పలికితే ఊరుకుంటారా అన్న భయం లోపల ఉంటుంది. నేను చూసినంతలో అక్కడ నవ్వరు, ఎందుకంటే తరగతిలో సగం మందికి ఆ భాష సొంతం కాదు. చైనా విద్యార్థి, బ్రెజిల్ విద్యార్థి, ఇరాన్ విద్యార్థి ఎవరి తప్పులు వారు చేస్తూనే చేతులెత్తి అడుగుతుంటారు.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. ‘అర్థం కాలేదు’ అని మాత్రమే అంటే ఆచార్యుడు మొత్తం మళ్లీ అదే వేగంతో చెబుతాడు. మీరు మళ్లీ తల ఊపుతారు. అర్థమైనంత వరకు మీ మాటల్లో తిరిగి చెప్పి, ఎక్కడ తెగిపోయిందో చూపించండి. ‘రెండో సమీకరణం వరకు అనుసరించగలిగాను, మూడో దానిలో ఘర్షణ పదాన్ని ఎందుకు వదిలేశారో తెలియలేదు’ అన్నట్టుగా అడిగితే, జవాబు చిన్నదిగా, ఆ ఒక్క చోటుకే వస్తుంది. ఇలాంటి నాలుగైదు వాక్యాల చట్రాలను ముందే ఇంగ్లీషులో రాసుకుని కంఠతా పట్టండి. మనకు బట్టీ పట్టడం వచ్చు. దాన్ని వాడుకోదగిన చోటు ఇది.

నలుగురిలో అడగలేకపోతే, ఆచార్యులు విద్యార్థులను కలిసే వేళలు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంటాయి. మన దగ్గర లెక్చరర్ గదికి వెళ్లడమంటే ఏదో తప్పు చేసినట్టు. అక్కడ ఆ సమయం మీకోసమే కేటాయించినది, వెళ్లకపోతే ఖాళీగా పోతుంది. వెళ్లే ముందు ఈమెయిల్‌లో ఏ పాఠం, ఏ పేజీ, ఏ సందేహం అన్నది మూడు వాక్యాల్లో రాయండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చీటీ చూసి చదివాను. ఆయన ఆ చీటీనే తీసుకుని, దాని మీదే జవాబు గీసి ఇచ్చారు.

గది, వంట, స్నేహాలు

తెలుగువాళ్లతో కలిసి గది తీసుకోవడం తప్పు కాదు. జ్వరం వచ్చినప్పుడు చారు పెట్టేది వాళ్లే. అయితే వంటగదిలో తెలుగు, బస్సులో తెలుగు, గ్రూపు ప్రాజెక్టులో కూడా తెలుగు అయితే, రెండేళ్ల తర్వాత మీ ఇంగ్లీషు ఏ స్థాయిలో వెళ్లిందో ఆ స్థాయిలోనే తిరిగొస్తుంది. గ్రూపు ప్రాజెక్టు ఒక్కటైనా తెలుగు రానివారితో చేస్తానని నియమం పెట్టుకోండి. పరిచయాలకు వాతావరణం గురించిన కబుర్ల కంటే తిండి బాగా పనిచేస్తుంది. నేను తీసుకెళ్లిన రెండు కిలోల పలాస జీడిపప్పును ప్రయోగశాలలో పంచినప్పుడు, అది చెట్టుకు పండు కింద వేలాడే గింజ అని ఎవరూ నమ్మలేదు. బొమ్మ గీసి, గింజను కాల్చి, పెంకు కొట్టి పప్పు తీసే వరుసను పావుగంట సేపు వివరించాను. అంతసేపు నేను తడబడకుండా మాట్లాడిన మొదటి సందర్భం అదే.

రాతలో జాగ్రత్త

ఇక్కడ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్కులు వేస్తారు. అక్కడ మూలం పేరు చెప్పకుండా నాలుగు వాక్యాలు ఎత్తి రాస్తే చౌర్యంగా చూస్తారు. సున్నా మార్కులతో మొదలై, కోర్సు నుంచి తీసివేసే దాకా వెళ్లవచ్చు. భాష సరిగ్గా రానివారే ఈ ఉచ్చులో ఎక్కువగా పడతారు, ఎందుకంటే పుస్తకంలోని వాక్యం తమ వాక్యం కంటే బాగుందనిపిస్తుంది. చదివిన పేజీ మూసేసి, గుర్తున్నది తెలుగులోనే ముక్కలు ముక్కలుగా రాసుకుని, దాన్ని చూస్తూ మీ ఇంగ్లీషులో వాక్యాలు కట్టండి. మూలం పేరు, పేజీ అప్పుడే నమోదు చేయండి. అనువాద యాప్‌లు, కృత్రిమ మేధ సాధనాలు ఎంతవరకు వాడవచ్చో ఒక్కో కోర్సుకు ఒక్కో నియమం ఉంటుంది కాబట్టి మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. విశ్వవిద్యాలయాల్లో రచనా సహాయ కేంద్రాలు ఎక్కువగా ఉచితమే. గడువుకు వారం ముందు చిత్తుప్రతి తీసుకువెళ్లండి.

ఊరి భాష

ఇచ్ఛాపురం వైపు పిల్లలు ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడుతూ పెరుగుతారు. ఒడియా వాళ్లకు ఏ తరగతిలోనూ నేర్పలేదు, కొట్టులో బేరమాడుతూ వచ్చింది. విదేశంలో ఊరి భాష కూడా అలాగే రావాలి. రొట్టెల దుకాణం, బస్సు డ్రైవరు, హాస్టలు కాపలాదారు, ఈ ముగ్గురితో రోజూ ఆ ఊరి భాషలోనే మాట్లాడాలని పెట్టుకోండి. వాళ్లు ఇంగ్లీషులోకి మారినా మీరు మారకండి. జర్మనీలో విదేశీ విద్యార్థి 2024 నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. భాష రానివారికి దొరికేది గోదాములో పెట్టెలు మోసే పని. కాస్త వచ్చినవారికి దుకాణం కౌంటరులోనో, చదువుకు దగ్గరైన కార్యాలయంలోనో దొరుకుతుంది.

వైద్య విద్యార్థులకు ఇది ఐచ్ఛికం కాదు. రష్యాకు వెళ్లేవారు 33 అక్షరాల ఆ లిపిని ఇంటి దగ్గరే, రెండు వారాల్లో నేర్చుకుని వెళ్లాలి. మొదటి రెండేళ్లు రష్యన్ తరగతులు పెట్టినప్పుడు, ఇవి మార్కులకు లెక్క రావని ఎగ్గొట్టినవాళ్లు, ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టిన రోజున గోడకు చేరబడి నిలబడతారు. ‘గ్ద్యె బలీత్?’, అంటే ‘నొప్పి ఎక్కడ?’, అని అడగడం తేలిక. రోగి చెప్పే జవాబు అర్థం కావడమే పని. కడుపునొప్పి గురించి మన ఊళ్లో ఒకరు ‘మెలిపెడుతోంది’ అంటారు, ఒకరు ‘పోట్లు’ అంటారు, ఇంకొకరు ‘మంట’ అంటారు. ఇలాంటి మాటలు రష్యన్‌లోనూ ఉంటాయి, పాఠ్యపుస్తకంలో అన్నీ ఉండవు. వార్డు నర్సులను అడిగి, ఒక్కో లక్షణానికి రోగులు వాడే మాటలను జేబు పుస్తకంలో రాసుకుంటూ పోవాలి.

ఏ కోర్సువారైనా చేరిన మొదటి రోజునే చేయవలసిన పని ఒకటుంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో అత్యవసర ఫోను మన దగ్గరలాగే 112. ఆ ఫోనులో మొదట అడిగేది ఎక్కడున్నారని. మీ వీధి పేరు, ఇంటి సంఖ్య, అంతస్తు స్థానిక భాషలో పలకడం అభ్యాసం చేయండి. వీధి పేరును ఒక్కో అక్షరంగా చెప్పడం కూడా నేర్చుకోండి. మీకు పడని మందుల పేర్లతో కలిపి ఆ చిరునామాను ఒక అట్ట మీద రాసి పర్సులో పెట్టుకోండి. నకలు ఒకటి గదిలో తలుపు వెనక అంటించండి.